చదివినందుకు ఫీజు అడిగితే అక్కడే ఆగండి: లిటరరీ ఏజెంట్ల మీద ఆరు మాటలకు జవాబు

ఇంగ్లీషులో పుస్తకం రాసి లిటరరీ ఏజెంటు (రచయిత తరఫున పుస్తకం హక్కులను ప్రచురణకర్తలకు అమ్మిపెట్టే మనిషి) కోసం వెతికేవాళ్ల మధ్య ఒక సలహాల చిట్టా చేతులు మారుతోంది. దాని సారం ఇదీ: ఏజెంటు లేనిదే పుస్తకం అచ్చుకాదు. మంచి ఏజెంట్లు చదవడానికి ఫీజు తీసుకుంటారు, కట్టినవాళ్లది ముందు చదువుతారు. మూడు అధ్యాయాలు రాస్తే చాలు. ముందే కాపీరైట్ రిజిస్టర్ చేయించకపోతే కథ కాజేస్తారు. ఒకే రోజు వందమందికి పంపేయాలి. ఎవరు సరేనన్నా వెంటనే సంతకం పెట్టేయాలి, ఆ సంతకంతో పుస్తకం అమ్ముడైనట్టే.

ఆరింటిలో ఒకటి సగం నిజం. ఒకటి పెద్దగా హాని చేయని చాదస్తం. మిగతా నాలుగూ డబ్బునో పుస్తకాన్నో పోగొట్టేవి. చిట్టా వరసను పక్కనపెట్టి, ఎక్కువ నష్టం చేసేదానితో మొదలుపెడదాం.

"మంచి ఏజెంట్లు చదవడానికి ఫీజు తీసుకుంటారు"

తీసుకోరు. ఏజెంటు బతికేది కమీషన్ మీద. సొంత దేశంలో హక్కులు అమ్మితే మామూలుగా 15 శాతం. విదేశీ హక్కులు, అనువాద హక్కులు అమ్మితే 20 శాతం, అందులో అక్కడి సబ్‌-ఏజెంటుకు సుమారు సగం పోతుంది. 19వ శతాబ్దం చివర్లో లండన్‌లో ఎ.పి. వాట్ ఈ వృత్తికి దారి వేసినప్పుడు కమీషన్ 10 శాతమే. రేటు పెరిగింది గానీ పద్ధతి మారలేదు: రచయిత చేతికి డబ్బు వచ్చినప్పుడే ఏజెంటుకూ వస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. 20,000 డాలర్ల అడ్వాన్సుకు ఒప్పందం కుదిరిందనుకుందాం. ఆ డబ్బు ఒక్కసారిగా రాదు. నాలుగు వాయిదాలైతే ఒప్పందం మీద సంతకమయ్యాక ఒకటి, రాతప్రతిని ఎడిటర్ ఆమోదించాక ఒకటి, హార్డ్‌కవర్ విడుదలకు ఒకటి, పేపర్‌బ్యాక్‌కు ఒకటి. ప్రతిసారీ ప్రచురణకర్త నుంచి 5,000 ఏజెన్సీ ఖాతాకు వస్తుంది. ఏజెన్సీ 750 పట్టుకుని 4,250 రచయితకు పంపుతుంది. అంటే 3,000 డాలర్లు పూర్తిగా రావడానికి ఏజెంటు రెండు మూడేళ్లు ఆగాలి. ఇప్పుడు ఇంకో మనిషిని ఊహించండి. చదవడానికి 50 డాలర్లు అడుగుతాడు. వారానికి వందమంది కడితే వారానికి 5,000, ఒక్క పుస్తకమూ అమ్మకుండానే. పుస్తకం అమ్మాలన్న అవసరం అతనికి ఎందుకుంటుంది? ఎంతమందిని తిప్పి పంపితే అంత మేలు.

అమెరికాలోని ఏజెంట్ల సంఘం ఎ.ఎ.ఎల్.ఎ. నియమావళి సభ్యులు చదివే ఫీజు తీసుకోవడాన్ని ఒప్పుకోదు. కాబట్టి ఇప్పుడు ఎవరూ దాన్ని ఆ పేరుతో అడగరు, వేషం మార్చి అడుగుతారు. "నవల అద్భుతం, కాకపోతే ఫలానా సంస్థలో ఎడిట్ చేయించుకుని రండి" అన్నది పాత ఎత్తు. ఆ సంస్థలో అతనికి వాటా ఉంటుంది. పరిశీలన రుసుము, మార్కెటింగ్ డిపాజిట్ లాంటివి దాని అన్నదమ్ములే. నిజాయితీ గల ఏజెన్సీకీ కొరియర్, విదేశాలకు పంపే ప్రతుల లాంటి ఖర్చులు ఉంటాయి. వాటిని ముందుగా చెప్పి, ఒప్పందంలో పరిమితి రాసి, తరవాత వచ్చే ఆదాయంలోంచి మినహాయించుకుంటుంది.

ఈమధ్య పెరిగిన మోసం ఇంకొకటి ఉంది. పేరున్న నిజమైన ఏజెంటు పేరుతోనే మెయిల్ వస్తుంది: పెద్ద ప్రచురణ సంస్థ మీ పుస్తకం అడుగుతోంది, ముందు ఫలానా పని చేయించాలి, ఇంత ఖర్చవుతుంది. పేరు చూసి మోసపోవద్దు. పంపిన చిరునామాలో @ గుర్తు తరవాత ఏముందో చూడండి. ఏజెన్సీ వెబ్‌సైట్‌లో ఉన్న డొమైన్ అదేనా? ఒక అక్షరం ఎక్కువున్నా, ఉచిత మెయిల్ సర్వీసు అయినా జవాబివ్వకుండా ఏజెన్సీ సైట్‌లోని చిరునామాకు రాసి అడగండి. ఎవరి గురించైనా అనుమానముంటే రైటర్ బివేర్ వెబ్‌సైట్‌లో వెతకండి, మోసాల వివరాలను వాళ్లు ఏళ్లుగా నమోదు చేస్తున్నారు. ఏజెంటు ఇటీవల ఏ పుస్తకాలు అమ్మాడో పబ్లిషర్స్ మార్కెట్‌ప్లేస్ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది, దానికి చందా కట్టాలి. ఖర్చులేని దారీ ఉంది: మీ పుస్తకం లాంటి కొత్త పుస్తకాలు తీసుకుని చివర కృతజ్ఞతల పేజీ చదవండి. రచయితలు ఏజెంటును పేరుపెట్టి తలుచుకునేది అక్కడే.

"మూడు అధ్యాయాలు చాలు"

ఈ అపోహకు ఒక కారణముంది. ఏజెంట్లు మొదట అడిగేది మొదటి 5–10 పేజీలో, మూడు అధ్యాయాలో. అడిగింది నమూనా మాత్రమే, అంతే రాస్తే సరిపోతుందని కాదు. అది నచ్చితే మొత్తం రాతప్రతి పంపమంటారు. కొత్త నవలాకారుడు అప్పుడు "ఇంకో ఆరు నెలలు పడుతుంది" అంటే ఆ తలుపు మూసుకున్నట్టే. నవల పూర్తయి, ఒకటికి రెండుసార్లు తిరగరాశాకే ఏజెంటుకు మొదటి ఉత్తరం (క్వెరీ లెటర్) పంపాలి. పెద్దవాళ్ల కోసం రాసిన నవలకు 80,000 నుంచి 1,00,000 పదాలు సురక్షితం. ఫాంటసీ అయితే 1,20,000 దాకా సాగనిస్తారు. తొలి నవల అంతకు బాగా మించితే, కాగితం, అచ్చు ఖర్చు ధరను ఎక్కడికి తీసుకుపోతుందో తెలిసిన ఏజెంటు సంఖ్య చూసే పక్కనపెట్టవచ్చు.

కాల్పనికేతర రచనకు దారి వేరు. అక్కడ పుస్తకం పూర్తికాకపోయినా ప్రపోజల్‌తో వెళ్లొచ్చు. అందులో పుస్తకం దేని గురించి, ఎవరు కొంటారు, ఇప్పటికే ఉన్న పుస్తకాలకు దీనికి తేడా ఏమిటి, రాయడానికి మీకున్న అర్హత ఏమిటి, అధ్యాయాలవారీ వివరం, ఒకటి రెండు నమూనా అధ్యాయాలు ఉండాలి. ఆత్మకథనాన్ని మాత్రం చాలామంది ఏజెంట్లు నవలలాగే చూస్తారు, పూర్తి ప్రతి అడుగుతారు.

"ఒకే రోజు వందమందికి పంపేయాలి"

ఒకేసారి పలువురికి పంపడం తప్పుకాదు, ఏజెంట్లకూ అది తెలుసు. చిక్కంతా వంద అన్న సంఖ్యతోనే. ఒక ఏజెంటు ఒక పుస్తకాన్ని కాదన్నాక, పెద్దగా తిరగరాస్తే తప్ప, మళ్లీ పంపే అవకాశం దాదాపు ఉండదు. ఉత్తరంలోనే లోపం ఉందనుకోండి, అది తెలిసేలోపు వంద తలుపులూ అయిపోతాయి.

ఎనిమిదిమందికో పదిమందికో ఒక విడతగా పంపండి. వచ్చే జవాబులే లోపం ఎక్కడుందో చెబుతాయి. పదిమందిలో ఒక్కరూ రాతప్రతి అడగకపోతే లోపం ఉత్తరంలోనో మొదటి పేజీల్లోనో ఉంది. ముగ్గురు అడిగి, చదివి, కాదంటే ఉత్తరం బాగానే పనిచేస్తోంది, నవల మధ్యలో ఎక్కడో జారుతోంది. వాళ్లలో ఇద్దరు ఒకే చోటు చూపిస్తే అక్కడ తిరగరాయకుండా రెండో విడత పంపవద్దు. పేరు, ఏజెన్సీ, తేదీ, ఏం పంపారు, ఏమన్నారు అని ఒక పట్టిక పెట్టుకోండి, లేదా అందుకోసమే ఉన్న క్వెరీట్రాకర్ వెబ్‌సైట్ వాడండి. ఒకే ఏజెన్సీలో ఇద్దరికి ఒకేసారి పంపకండి. కొన్నిచోట్ల ఒకరు కాదంటే అందరూ కాదన్నట్టే, ఆ సంగతి వాళ్ల నియమాల పేజీలో ఉంటుంది. అందరి చిరునామాలూ ఒకే మెయిల్‌లో కనిపించేలా పంపితే చెత్తబుట్ట ఖాయం. అడగని అటాచ్‌మెంట్ కూడా తెరవరు.

క్వెరీ లెటర్ మొత్తం 250 నుంచి 350 పదాలు. పేరు, వర్గం, పదాల సంఖ్య, గత మూడు నాలుగేళ్లలో వచ్చిన పోలికైన రెండు పుస్తకాలు ఒక పేరాలో. కథకు 150–200 పదాలు. మీ గురించి రెండు వాక్యాలు. ఎక్కువమంది తప్పేది కథ దగ్గరే. "ప్రేమ, ద్రోహం, క్షమాగుణాల హృద్యమైన గాథ" అని రాస్తారు, అది ఏ నవలకైనా అతుకుతుంది. ఇలా రాసి చూడండి: "దీపస్తంభం కాపలాదారు చనిపోయాక అతని లాగ్‌బుక్కుల్లో, తను పుట్టడానికి పదేళ్ల ముందు తేదీ కింద, కూతురికి తన పేరే కనిపిస్తుంది. అప్పుడు ఆ పేరుతో ఉన్నదెవరో తెలిసిన ఒక్క మనిషి వచ్చే పడవలో ద్వీపం వదిలిపోతున్నాడు. అతన్ని ఆపాలంటే తండ్రి ఆమె దగ్గర దాచిన నేరాన్ని ఆమే బయటపెట్టాలి." ఎవరు, ఏం కావాలి, ఏది అడ్డం, దేన్ని పణంగా పెట్టాలి అన్నవి మూడు వాక్యాల్లో వచ్చాయి. ముగింపు ఇక్కడ చెప్పరు. దాని చోటు సినాప్సిస్ (మొత్తం కథ సారాంశం), అక్కడ దాచకూడదు. "చివరికి ఏమైందో చదివి తెలుసుకోండి" అని సినాప్సిస్ ముగించేవాళ్లు ఇంకా ఉన్నారు!

"కాపీరైట్ రిజిస్టర్ చేయించకపోతే కాజేస్తారు"

1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో, అంటే ప్రపంచంలో దాదాపు అన్నిచోట్లా, రచన కాగితం మీదికి వచ్చిన క్షణం నుంచే హక్కు రచయితది. రిజిస్ట్రేషన్ వల్ల దావా వేసేటప్పుడు లాభాలున్నాయి గానీ క్వెరీకి దాంతో పనిలేదు. పైగా ఎడిటింగ్‌లో ఎలాగూ మారబోయే ప్రతిని రిజిస్టర్ చేయించడం డబ్బు దండగ. కాపీరైట్ ఆలోచనకు దక్కదు, రాతకు దక్కుతుంది. చదివేముందు గోప్యత ఒప్పందం మీద సంతకం చేయమని అడిగితే ఏజెంటు చదవడమే మానేస్తాడు.

"వెంటనే సంతకం పెట్టండి, అమ్ముడైనట్టే"

ఏజెంటు సరేనన్నాక రెండు వారాలు గడువు అడగడం ఆనవాయితీ. ఆ గడువులో మీ రాతప్రతి ఉన్న మిగతా ఏజెంట్లకు "ఒక ఆఫర్ వచ్చింది, ఫలానా తేదీలోగా చెప్పండి" అని రాయాలి. నెలల తరబడి కదలనివాళ్లు కూడా అప్పుడు చదువుతారు. ఫోన్‌లో ఏజెంటును అడగాల్సినవి: ఇందులో ఏం మార్చమంటారు, మొదటి విడత ఎంతమంది ఎడిటర్లకు పంపుతారు, అమ్ముడుపోకపోతే తరవాతి పుస్తకం సంగతేమిటి, వాళ్ల రచయితలు ఒకరిద్దరితో మాట్లాడవచ్చా. చివరి ప్రశ్నకు నసిగితే గుర్తుపెట్టుకోండి.

ఒప్పందంలో ముందు రద్దు నిబంధన చదవండి. 30 నుంచి 60 రోజుల నోటీసుతో ఇద్దరిలో ఎవరైనా విడిపోగలగాలి. విడిపోయాక కూడా అప్పటికే అమ్మిన హక్కుల మీద ఏజెంటుకు కమీషన్ అందుతూనే ఉంటుంది, అది న్యాయమే. అమ్మని హక్కుల మీదా కాపీరైట్ ఉన్నన్నాళ్లూ వాటా ఉంటుందంటే న్యాయం కాదు. "ఏజెన్సీ కపుల్డ్ విత్ యాన్ ఇంట్రెస్ట్" అన్న మాట కనిపిస్తే తీసేయమనండి. చట్టభాషలో అది ఆ ఏజెన్సీ అధికారాన్ని రద్దుచేయడానికి అడ్డుపడే మాట. ఒప్పందం ఒక్క పుస్తకానికా, మీరు రాసే ప్రతిదానికా అన్నది కూడా అక్కడే తేల్చుకోవాలి. ప్రచురణకర్త నుంచి డబ్బు అందాక ఎన్ని రోజుల్లో మీకు పంపాలో అంకెతో ఉండాలి.

ఇక అమ్ముడైనట్టేనా? సంతకం తరవాత ఏజెంటు ఎడిటర్లకు పంపుతాడు. ఎడిటర్‌కు నచ్చినా సరిపోదు, అమ్మకాల విభాగం, మార్కెటింగ్ విభాగం కూర్చునే సమావేశంలో నెగ్గాలి. మంచి ఏజెంటు చేతిలో ఉన్న పుస్తకాలూ అమ్ముడుపోకుండా మిగులుతాయి. ఎవరెవరికి పంపారో, ఏమన్నారో జాబితా రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. రేపు ఏజెంటును మార్చాల్సివస్తే కొత్తవారి మొదటి ప్రశ్న అదే. ముప్పై మంది ఎడిటర్లు చూసేసిన పుస్తకాన్ని రెండో ఏజెంటు ముట్టుకోవడం కష్టం.

"ఏజెంటు లేనిదే అచ్చుకాదు"

సగం నిజమన్నది దీన్నే. న్యూయార్క్, లండన్‌లలోని పెద్ద ప్రచురణ సంస్థల్లో ఎక్కువభాగం ఏజెంటు ద్వారా వచ్చినవే చూస్తాయి. చిన్న ప్రచురణ సంస్థలు, యూనివర్సిటీ ప్రెస్సులు నేరుగా తీసుకుంటాయి. కవిత్వం, విడి కథలు, పరిశోధన గ్రంథాలు చాలామంది ఏజెంట్లు అసలు తీసుకోరు. అలాంటి రచనకు 200 డాలర్ల పారితోషికం వచ్చిందనుకున్నా, అందులో ఏజెంటు 15 శాతమంటే 30 డాలర్లే.

నేరుగా ఆఫర్ వస్తే ఒప్పుకునే ముందు ఏజెంట్లకు ఆ సంగతి రాయొచ్చు, చేతిలో ఆఫర్ ఉన్న ఉత్తరానికి జవాబు తొందరగా వస్తుంది. ఏజెంటు వద్దనుకుంటే అమెరికాలో ఆథర్స్ గిల్డ్, బ్రిటన్‌లో సొసైటీ ఆఫ్ ఆథర్స్ తమ సభ్యుల ఒప్పందాలు చదివి సలహా ఇస్తాయి. అనువాద, సినిమా హక్కులు అమ్మే మనుషులే లేని సంస్థకు ఆ హక్కులు రాసివ్వకండి. హక్కులు తిరిగొచ్చే నిబంధనలో "ప్రతులు అయిపోయినప్పుడు" అని ఉంటే మార్పించండి. ఇ-బుక్ ఎప్పటికీ అయిపోదు. ఏడాదికి ఇన్ని ప్రతులకన్నా తక్కువ అమ్మితే హక్కులు వెనక్కి రావాలని అక్కడ అంకె రాయించాలి.