బెలూన్ల స్టాలు నేర్పని పాఠం: మనవడి చేతికి ఎయిర్‌గన్ ఇచ్చే ముందు

విజయనగరం పైడితల్లి సంబరమైనా, అరసవల్లి రథసప్తమైనా, ఊళ్లో అమ్మవారి పండగైనా రంగులరాట్నం పక్కన బెలూన్ల స్టాలు ఉండాల్సిందే. ఉత్తరాంధ్ర పిల్లల్లో చాలామంది తొలిసారి గన్ను పట్టేది అక్కడే. స్టాలు మనిషి గొట్టం వంచి పెల్లెట్ (చిన్న సీసం గుండు) పెట్టి చేతికిస్తాడు. అందుకున్న క్షణం నుంచే పిల్లవాడి వేలు ట్రిగ్గర్ మీద ఉంటుంది. "చూడవే, కొడతాను" అంటూ చెల్లి వైపు తిరుగుతాడు, అతనితో పాటు గొట్టమూ తిరుగుతుంది. ప్లైవుడ్ చెక్కకు తగిలిన పెల్లెట్ ఒక్కోసారి వెనక్కి ఎగిరొస్తుంది. కళ్లకు ఏ రక్షణా ఉండదు. చెక్క వెనక ఎవరు నడుస్తున్నారో ఎవరికీ పట్టదు. బెలూను పగిలితే చప్పట్లు కొడతారు. ఆ కొద్ది నిమిషాల్లో అబ్బిన ప్రతి అలవాటునూ తర్వాత ఏ కోచ్ అయినా మాన్పించాల్సిందే.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చింది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ అదే ఒలింపిక్స్‌లో పిస్టల్ పట్టింది. అప్పట్నుంచి మన దగ్గర కూడా "మా గుంటడికి షూటింగ్ నేర్పిస్తే ఎలా ఉంటుంది" అని అడిగే ఇళ్లు పెరిగాయి. మంచి ప్రశ్నే. నిలకడ, ఓపిక, చెప్పిన మాట వినడం నేర్పే ఆటల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువ. అయితే నేర్పే చోటు ఊరికి దగ్గర్లో లేనప్పుడు ఆ పని తాతల మీద, తండ్రుల మీద పడుతుంది. సంక్రాంతికి మనవలు వస్తారు, ఉద్దానంలో కోతుల్ని తోలడానికి కొన్న ఎయిర్‌గన్ గోడకు వేలాడుతూ కనిపిస్తుంది, "తాతా, ఒక్కసారి" అంటారు. ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

వెయిట్‌లిఫ్టింగ్‌లో మనకు ఈ ఇబ్బంది లేదు. 2000 సిడ్నీలో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా బిడ్డ. నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడకు లిఫ్టర్ల ఊరనే పేరుంది. అలాంటి ఊళ్లలో కొత్తగా వచ్చిన పిల్లకు ఎవరూ నేరుగా బరువు ఎత్తించరు. ముందు ఖాళీ రాడ్డుతో నడుము, మోకాళ్లు సరిచేస్తారు. పక్కన నలుగురు సీనియర్లు చూస్తూ ఉంటారు. షూటింగ్‌కు మన ఊళ్లలో అలాంటి సీనియర్ల వరుస లేదు. కాబట్టి పిల్లకు గన్ను ఇచ్చే పెద్దమనిషే ఆ రోజుకు కోచ్, రేంజ్ ఆఫీసరు (కాల్చే చోట ఆజ్ఞలిచ్చి భద్రత చూసే మనిషి), కాపలాదారు. ఆ మూడు పనులూ చేసే ఓపిక లేకపోతే గన్ను కొనకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఎయిర్‌గన్ బొమ్మ అనుకోవడం నుంచే సగం అనర్థాలు వస్తాయి. పోటీల్లో వాడే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ అర గ్రాము పైచిలుకు బరువుంటుంది, గొట్టం మూతి దగ్గర సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో వెళుతుంది. చర్మాన్ని చీల్చడానికి అందులో సగానికి కాస్త పైన వేగం చాలు. కన్ను పోవడానికి అంత కూడా అక్కర్లేదు. గురి తప్పి ఆకాశంలోకి పోయిన పెల్లెట్ వందల మీటర్ల అవతల, పక్క పొలంలో పడగలదు. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు 2016 ఆయుధ నిబంధనల కింద లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపి కొనుక్కోవచ్చు. చట్టం లైసెన్సు అడగలేదంటే అపాయం లేదని అర్థం కాదు. అసలు తుపాకుల సంగతి పూర్తిగా వేరు: 21 ఏళ్లు నిండనివారి దగ్గర అవి ఉండకూడదు. శిక్షణకు ఉన్న వెసులుబాటు కూడా పెద్దల ప్రత్యక్ష పర్యవేక్షణలోనే. ఇక మన్యం వైపు ఇళ్లలో లైసెన్సు లేని నాటు తుపాకీ ఉంటే, పిల్లలకు దాన్ని చూపించే ఆలోచన కూడా రాకూడదు.

ఏ వయసులో మొదలుపెట్టాలి? పదేళ్లని కొందరంటారు, పన్నెండని కొందరు. అంకె కంటే ముందు చూడాల్సింది ఒకటుంది: ఆటలో మునిగి ఉన్నప్పుడు "ఆగు" అని ఒక్కసారి అంటే ఆగుతాడా? రెండోసారి అనాల్సి వస్తే ఇంకో ఏడాది ఆగండి. అప్పటిదాకా చేయాల్సిన పని ఇంట్లోనే ఉంది. దీపావళికి రీలు తుపాకీ కొనిస్తాం, పిల్లలు ఒకరి మీద ఒకరు పెట్టి కాల్చుకుంటే నవ్వుతాం. బొమ్మ తుపాకీనైనా మనిషి మీదికి ఎత్తకూడదని అప్పుడే చెప్పిన ఇంట్లో పిల్లకు అసలు గన్ను దగ్గర కొత్తగా చెప్పాల్సింది సగమే మిగులుతుంది. పైపులో కార్బైడు వేసి పేల్చే తుపాకుల జోలికైతే అసలు పోవద్దు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో వాటివల్ల చాలామంది పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి.

మొదటి రోజు పెల్లెట్ల డబ్బా అలమారాలోనే ఉండాలి. పిల్ల ముందు నేర్చుకోవాల్సినవి నాలుగే. ప్రతి గన్నూ నిండే ఉందనుకోవాలి, తానే ఇప్పుడే ఖాళీ చేసినా సరే. గొట్టం మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. సైటు (గొట్టం మీద గురి చూసే గుర్తు) టార్గెట్ మీద కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ బయట, దాని చుట్టూ ఉండే గార్డు పక్కన చాచి ఉండాలి. టార్గెట్ వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. వీటిని అప్పజెప్పించుకుంటే సరిపోదు, చేతులతో చేయించాలి. ఖాళీ గన్ను బల్ల మీద పెట్టి, తీయమని, మళ్లీ పెట్టమని పదిసార్లు చెప్పండి. వేలు ఎన్నిసార్లు తెలియకుండా ట్రిగ్గర్ మీదికి పోతుందో పిల్లకే కనిపిస్తుంది. తిట్టనక్కర్లేదు. గన్ను కింద పెట్టించి మళ్లీ మొదలుపెట్టించండి.

పోటీల్లో గన్ను ఖాళీగా ఉందని చూపడానికి గొట్టం పొడవునా మెరిసే రంగు తీగ దూరుస్తారు, దాన్నే సేఫ్టీ ఫ్లాగ్ అంటారు. ఇంట్లో కూడా నారింజ రంగు ప్లాస్టిక్ తీగ ఒకటి కోసి పెట్టుకోండి. రెండు కొసలూ బయటికి కనిపించాలి. తీగ ఉంటేనే ఎవరైనా టార్గెట్ దగ్గరికి నడవాలి. ఆజ్ఞలు కూడా పోటీల్లో వాడేవే వాడండి: లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్. "స్టాప్" మాత్రం ఎవరైనా అనొచ్చు, చూస్తూ కూర్చున్న అయిదేళ్ల తమ్ముడు కూడా. ఆ మాట ఊరికే అన్నాడని వాడి మీద విసుక్కోకండి.

మన దగ్గర ఎక్కువగా దొరికేది గొట్టం వంచి బిగించే స్ప్రింగు గన్ను. దీని సొంత ప్రమాదం ఒకటుంది, చాలామంది పట్టించుకోరు. గొట్టం వంచి ఉండగా ట్రిగ్గర్ కదిలితే స్ప్రింగు దాన్ని ఒక్కసారిగా పైకి విసురుతుంది. పెల్లెట్ పెడుతున్న వేళ్లు నలిగిపోతాయి, భుజానికి ఆనించే బట్టు చెక్క కూడా పగలొచ్చు. అందుకే పెల్లెట్ పెట్టేంతసేపూ రెండో చేత్తో గొట్టాన్ని గట్టిగా పట్టుకునే ఉండాలి. ఆ స్ప్రింగును బిగించే బలం పదేళ్ల చేతులకు ఉండదు. బిగించడం, పెల్లెట్ పెట్టడం పెద్దలే చేయాలి. పెల్లెట్ లేకుండా స్ప్రింగు గన్ను పేల్చనివ్వకండి, పిస్టన్ సీలు పాడవుతుంది. బిగించి వదిలేసి భోజనానికి వెళ్లడం మరీ తప్పు. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని కొందరు గొట్టం లోపల నూనె పోస్తారు. ఆ నూనె లోపలి ఒత్తిడికి అంటుకుని పేలినట్టవుతుంది, పెల్లెట్ వేగం ఒక్కసారిగా పెరిగిపోతుంది. నూనె గుడ్డతో బయట తుడిస్తే చాలు.

ట్రిగ్గర్ నొక్కినా పెల్లెట్ బయటికి రాకపోతే పిల్లలందరూ చేసే పని ఒకటే, గన్ను తిప్పి గొట్టంలోకి చూస్తారు. అలా చేయకూడదని ముందే నేర్పాలి. వేలు తీసి, మూతి టార్గెట్ వైపే ఉంచి, ఖాళీ చెయ్యి పైకెత్తాలి. తర్వాతి పని పెద్దలది.

ఇక చోటు. పెరట్లో కొబ్బరి చెట్టుకు కాగితం కట్టి కాల్చడం మన దగ్గర మామూలు. చెట్టు మాను గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. పెల్లెట్ ఎటు జారిపోతుందో చెప్పలేం. ఇటుక గోడ, రాయి కూడా అంతే. టార్గెట్ వెనక మెత్తనిది ఉండాలి: పాత బట్టలు కుక్కిన మందపాటి చెక్కపెట్టె, దాని వెనక ఇసుక సంచులు. ఇనుప రేకు వాడితే నిలువుగా పెట్టకూడదు, పెల్లెట్ కిందికి జారి పెట్టెలో పడేలా నలభై అయిదు డిగ్రీలు వాల్చాలి. ఉక్కు గుళ్లు, తోక బాణాలు వద్దు. ఎక్కువగా వెనక్కి ఎగిరేవి అవే. కాల్చేవాళ్లకీ చూసేవాళ్లకీ పాలీకార్బొనేట్ (గట్టి ప్లాస్టిక్) కళ్లద్దాలు ఉండాలి, రంగు కూలింగ్ గ్లాసులు వాటి పని చేయవు. కాల్చే గీతకూ టార్గెట్‌కూ మధ్య ఏ తలుపూ తెరుచుకోకూడదు. పల్లెటూరి ఇంట్లో ఈ ఒక్క షరతే చాలా చోట్లను కొట్టేస్తుంది.

పెల్లెట్లు సీసంతో చేసినవి. నోట్లో పెట్టుకోవడం, కాలుస్తూ జంతికలు తినడం కుదరదు. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పెట్టె దగ్గర పొడి చీపురుతో ఊడిస్తే సీసం దుమ్ము లేస్తుంది, తడి గుడ్డతో తుడవాలి. రాలిన పెల్లెట్లు ఏరి డబ్బాలో వేయండి. పెరటి కోళ్లు రాళ్లనుకుని వాటిని మింగేస్తాయి, అదే కోడి మన కంచంలోకి వస్తుంది.

ఇన్ని అయ్యాకే గురి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పసివాడికి అది పెడితే పది నిమిషాల్లో మనసు విరిగిపోతుంది. పిస్టల్ టార్గెట్‌లో పది 11.5 మిల్లీమీటర్లు. ఆ కాగితాన్నే అయిదు మీటర్ల దూరంలో పెట్టండి. కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీద ఇసుక సంచి ఆనిక ఇవ్వండి. పోటీ రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. నిలబెట్టి అలాంటిది మోయిస్తే నడుము వంచి, పక్కకు ఒరిగి కాల్చడం అలవాటవుతుంది, వెన్ను కూడా నొస్తుంది. స్ప్రింగు గన్ను గొట్టాన్ని గట్టి చోట ఆనించొద్దు. పేలినప్పుడు అది ముందుకీ వెనక్కీ అదురుతుంది, గట్టి చోటు నుంచి ఎగిరి దెబ్బలు పైకి పోతాయి. అరచేయి సంచి మీద, గన్ను అరచేతిలో వదులుగా ఉండాలి.

ఏ కన్ను బలమైనదో ముందే చూడండి. రెండు చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దాంట్లోంచి దూరంగా గడియారాన్ని చూడమనండి. ఒక్కో కన్నూ మూస్తే, గడియారం కదలకుండా కనిపించే కన్నే బలమైనది. కుడిచేతి వాటం పిల్లల్లోనూ ఎడమ కన్ను బలంగా ఉన్నవాళ్లుంటారు. అది గమనించకుండా "గురి రావట్లేదు" అని తేల్చేయడం అన్యాయం. రెండో కన్ను గట్టిగా మూయిస్తే ముఖం బిగుసుకుంటుంది. ఆ కంటి వైపు కళ్లద్దం మీద చిన్న కాగితం ముక్క అంటించి రెండు కళ్లూ తెరిచే ఉంచనివ్వండి. చూపు గొట్టం మూతి దగ్గరి సైటు మీద నిలవాలి, టార్గెట్ కాస్త మసగ్గా కనిపించాలి. ఊపిరి సగం వదిలి ఆపి, ఆరేడు సెకన్లలో ట్రిగ్గర్ మెల్లగా నొక్కాలి. అంతకు మించితే చెయ్యి వణుకుతుంది, దించేసి మళ్లీ ఎత్తాలి. కుదరని గురిని వదిలేసి దించినప్పుడు పిల్లను మెచ్చుకోండి, పది కొట్టినప్పటి కంటే ఎక్కువగా. పేలాక కూడా ఒక సెకను కదలకుండా ఉండాలి.

మొదటి వారాల్లో రోజుకు ఇరవై, పాతిక పెల్లెట్లు చాలు. పాయింట్లు లెక్కపెట్టకండి. అయిదు దెబ్బలు ఎంత దగ్గరగా పడ్డాయో చూడండి. గుంపు ఓ మూలన పడినా బిగువుగా ఉంటే పిల్ల బాగా కాల్చినట్టే, సైటు తిప్పితే మధ్యకు వస్తుంది. పైకీ కిందికీ చెదిరితే ఊపిరి, అడ్డంగా చెదిరితే పట్టు లేదా ట్రిగ్గర్ లాగే తీరు చూడాలి.

పిట్టల మాట ప్రత్యేకంగా చెప్పాలి. తేలినీలాపురానికి పెలికాన్లు, తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు ఏటా వచ్చి గూళ్లు కట్టే శ్రీకాకుళం జిల్లా మనది. ఎయిర్‌గన్ దొరికిన పిల్లవాడి చూపు ముందు తీగ మీది పిట్ట మీదికే పోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పిట్టను కొట్టడం నేరం. దానికంటే ముందు, ప్రాణం మీద గురిపెట్టడం అలవాటైన పిల్లను మళ్లీ కాగితం ముందు నిలబెట్టడం కష్టం. అందుకే కోతుల కోసం వాడే గన్నుతో నేర్పొద్దంటాను. తాత దాన్ని ప్రాణుల మీదికి ఎత్తడం మనవడు చూస్తూనే ఉంటాడు.

కాల్చడం అయ్యాక గన్ను ఒకచోట, పెల్లెట్లు ఇంకోచోట, రెండింటికీ తాళాలు వేయాలి. తాళంచెవి పెద్దల ఒంటి మీదే ఉండాలి. బియ్యం డబ్బాలో దాచిన తాళంచెవి ఎక్కడుందో పిల్లలకు తెలియని ఇల్లు ఉండదు.

ఇంత భారం ఇళ్ల మీద ఎందుకు పడాలన్నది అసలు అడగాల్సిన ప్రశ్న. స్కూల్ గేమ్స్‌లో షూటింగ్ ఉంది. 10 మీటర్ల రేంజ్‌కు కొత్త భవనం అక్కర్లేదు. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 6.10. ఒక్కో షూటర్‌కు మీటరు వెడల్పు చొప్పున అయిదుగురు హాయిగా నిలబడొచ్చు. కావాల్సింది ఒక కొసన ఇసుక సంచుల వరుస, వాటి ముందు అయిదు పెల్లెట్ పెట్టెలు, గన్నులు దాచే ఇనుప బీరువా, శిక్షణ పొందిన వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకరు. ఇండోర్ కోర్టు ఉన్న ప్రతి పట్టణంలో, ఆట లేని మధ్యాహ్నం వేళ వారానికి రెండు రోజులు పక్క తలుపులకు గడియ పెట్టి ఈ పని మొదలుపెట్టొచ్చు. జిల్లా క్రీడాధికారులు ముందు ఒక్క హాలు ఎంచుకుని చూడాలి.