న్యూరోసైన్స్‌ మైనర్‌: ఎంపీసీ, బైపీసీ కలిసి కూర్చోవాల్సిన క్లాసు

2013లో హైదరాబాద్‌ నుంచి వెళ్లిన ఒక పరిశోధన ‘న్యూరాలజీ’ పత్రికలో అచ్చయింది. 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) రోగుల వివరాలు పరిశీలిస్తే, ఒకే భాష వచ్చినవాళ్ల కన్నా రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని అందులో తేలింది. బడి ముఖం చూడనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. కాబట్టి ఇదంతా చదువు మహిమేనని కొట్టిపారేయడానికి వీల్లేకపోయింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ, హిందీ మాట్లాడుతూ పెరిగిన మనుషులున్న ఊరు కాబట్టే ఆ ప్రశ్న ఇక్కడ అడగడం సాధ్యమైంది.

ఆ పత్రం రాసినవాళ్లెవరో చూడండి. అప్పట్లో నిమ్స్‌లో ఉన్న న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి, ఉస్మానియా భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత, కంప్యూటర్‌ సైన్స్‌ వైపు నుంచి వచ్చిన సూరంపూడి బాపిరాజు, ఇంకొందరు. వీళ్లలో ఏ ఒక్కరూ ఒంటరిగా ఆ పని చేయగలిగేవారు కాదు. మెదడు గురించి అడిగే ప్రశ్నల్లో చాలావాటి పరిస్థితి ఇదే.

మన దగ్గర మాత్రం పదో తరగతి కాగానే పిల్లల్ని రెండు గట్లకు చేర్చేస్తాం. ఎంపీసీ తీసుకున్నవాడికి జీవకణం మళ్లీ కనిపించదు. బైపీసీ తీసుకున్న అమ్మాయికి ఇక లెక్కలతో పనిలేదు. ఆర్ట్స్‌ గ్రూపుల వాళ్లకైతే రెండూ దూరమే. ఆంధ్రప్రదేశ్‌ ఇంటర్‌ బోర్డు 2025-26లో లెక్కలు, జీవశాస్త్రాలు రెండూ చదివే ఎంబైపీసీకి దారి తెరవడం మంచి కబురే. అయినా, పదిహేనేళ్ల వయసులో చేసిన ఎంపికను తర్వాత సరిదిద్దుకునే అవకాశం డిగ్రీలోనూ ఉండాలి. మెదడు, నాడుల శాస్త్రమైన న్యూరోసైన్స్‌ను మైనర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టు (మేజర్‌) పక్కన చదివే రెండో సబ్జెక్టుగా, పెట్టమని నేను అడిగేది ఇందుకే.

మేజర్‌గా ఎందుకు వద్దంటే, మెదడు గురించి అన్నీ కొంచెం కొంచెం తెలిసి, ఏ ఒక్క పనిముట్టూ చేతికి గట్టిగా పట్టుబడని పట్టభద్రుడు తయారయ్యే ప్రమాదం ఉంది. ఫిజిక్సో, స్టాటిస్టిక్సో, జువాలజీయో, సైకాలజీయో ముందు లోతుగా నేర్చుకుని, దాన్ని పట్టుకుని మెదడు దగ్గరికి రావాలి. యూజీసీ 2022 చివర్లో ఇచ్చిన పాఠ్యప్రణాళిక విధానంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లుంటే, అందులో 24 మైనర్‌వి. నాలుగేళ్లయితే 160లో 32. అది తక్కువేమీ కాదు.

నాడి సంకేతం ఎలా పరిగెడుతుందో హాడ్జ్‌కిన్‌, హక్స్‌లీ 1952లో వివరించారు. స్క్విడ్‌ అనే సముద్రజీవి లావుపాటి నరంలో సోడియం, పొటాషియం అయాన్ల రాకపోకలను కొలిచి, వాటిని అవకలన సమీకరణాల్లో (డిఫరెన్షియల్‌ ఈక్వేషన్లలో) పెట్టారు. అప్పట్లో కేంబ్రిడ్జి కంప్యూటర్‌ అందుబాటులో లేకపోతే, హక్స్‌లీ చేతితో తిప్పే గణన యంత్రం మీదే రోజుల తరబడి లెక్క కట్టారు. 1963లో ఇద్దరికీ నోబెల్‌ వచ్చింది. ఇదే పాఠం మన బైపీసీ పుస్తకంలో బొమ్మగా ఉంటుంది, సమీకరణం ఉండదు. ఎంపీసీ పిల్లలకు ఆ రకం సమీకరణాలు వచ్చు కానీ, అవి నరానికి పనికొస్తాయని ఎవరూ చెప్పరు. ఈ ఇద్దర్నీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టగలిగితే చాలా పని అయినట్టే. 2024లో ఫిజిక్స్‌ నోబెల్‌ అందుకున్న జెఫ్రీ హింటన్‌ డిగ్రీ చేసింది ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రంలో. కృత్రిమ మేధ కోర్సుల కోసం ఎగబడుతున్న మన ఇంజినీరింగ్‌ కాలేజీలు ఈ సంగతి గమనించాలి.

ఈ మైనర్‌లో దేన్ని వదులుకున్నా స్టాటిస్టిక్స్‌ను మాత్రం వదలకూడదు. 2009లో అమెరికా పరిశోధకులు చచ్చిన సాల్మన్‌ చేపను ఎంఆర్‌ఐ స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించారు. గణాంకాల్లో చేయాల్సిన దిద్దుబాటు చేయకపోతే ఆ చేప మెదడు కూడా స్పందించినట్టు ఫలితం వచ్చింది. వేల చోట్ల ఒకేసారి పరీక్షిస్తే కొన్నిచోట్ల యాదృచ్ఛికంగానే సంకేతం కనిపిస్తుందని హెచ్చరించడానికే వాళ్లు ఆ పని చేశారు. మిడ్‌బ్రెయిన్‌ యాక్టివేషన్‌ అంటూ పిల్లల కళ్లకు గంతలు కట్టి చదివిస్తామని తల్లిదండ్రుల దగ్గర డబ్బు గుంజిన క్లాసులను మన దేశం చూసింది. ఆ మాటలకు ఎదురు ప్రశ్న వేయగలిగే వాళ్లు ప్రతి ఊళ్లో కొందరైనా ఉండాలి.

ల్యాబ్‌ ఖర్చు భరించలేమని కాలేజీలు అంటాయి. ఎంఆర్‌ఐ యంత్రం ఎవరూ కొనక్కర్లేదు. బొద్దింక కాలి నరంలో సంకేతాలను వినడానికి చిన్న ఆంప్లిఫయర్‌ చాలు. సుమారు 1,39,000 న్యూరాన్లు (నాడీకణాలు) ఉన్న పండ్ల ఈగ మెదడు పటం 2024లో పూర్తయింది. ఆ డేటా ఉచితంగా దొరుకుతుంది, కంప్యూటరూ నెట్టూ ఉంటే చాలు. శ్రీకాకుళంలోనైనా, ఆదిలాబాద్‌లోనైనా దాని మీద విద్యార్థులతో ప్రాజెక్టు చేయించవచ్చు.

అసలు ఇబ్బంది అధ్యాపకులతోనే వస్తుంది. జువాలజీలో ఒక పేపరు, సైకాలజీలో ఒకటి, ఆన్‌లైన్‌లో ఇంకొకటి తెచ్చి అతికిస్తే మార్కుల మెమోలో మైనర్‌ పేరు పడుతుంది తప్ప పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు. ఇద్దరు వేర్వేరు శాఖల లెక్చరర్లు కలిసి ఒకే కోర్సు చెప్పాలి, ఆ గంటలు ఇద్దరి పనిభారంలోనూ లెక్కకు రావాలి. ఇప్పుడు చాలాచోట్ల అలా లెక్కించరు కాబట్టి ఎవరూ ముందుకు రారు.

ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు టెన్షన్‌ పడటం న్యాయమే. ఒక్క మైనర్‌ను చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, ఆ మాట చేరే ముందే చెప్పాలి. పై చదువులకు మాత్రం దారి ఉంది: హైదరాబాద్‌ విశ్వవిద్యాలయంలో నాడీ, సంజ్ఞానాత్మక (కాగ్నిటివ్‌, అంటే ఆలోచన, జ్ఞాపకం లాంటివాటి) శాస్త్రాల కేంద్రం ఉంది, ట్రిపుల్‌ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్‌ సైన్స్‌ ల్యాబ్‌ ఉంది, బెంగళూరులో నిమ్హాన్స్‌, ఐఐఎస్‌సీ ఉన్నాయి. డిగ్రీ కాలేజీలు తమ మైనర్‌ సిలబస్‌ రాసుకునేటప్పుడు కనీసం పక్కనే ఉన్న ఈ రెండు హైదరాబాద్‌ సంస్థల అధ్యాపకులను పిలిచి కూర్చోబెట్టుకోవాలి.