'వెళ్ళేలోపు చూడాల్సినవి' అనే ఎక్సెల్ షీటు గారికి

మహారాజశ్రీ షీటు గారి సముఖమునకు, న్యూజెర్సీ ఎడిసన్ నుంచి ఇంటి యజమాని వ్రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. తమరు మాత్రం రోజురోజుకీ ఒళ్ళు చేస్తున్నారు. బాధంతా అదే.

మర్యాదలు ఇక్కడితో చాలు, ఏకవచనంలోకి దిగుతున్నా. హైదరాబాదు వెళ్ళిపోదామని మేం తీర్మానించుకున్న రాత్రే నువ్వు పుట్టావు. అప్పటికి నీలో ఉన్నవి ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, అలాస్కా, అంతే. "ఇన్నేళ్ళుండి ఇవి కూడా చూడకుండా పోతే నలుగురూ నవ్విపోతారు" అంది మా ఆవిడ. కాదనలేను. మేం చూసిన అమెరికా అంటే నయాగరా. అమ్మానాన్న వస్తే నయాగరా, అత్తయ్యగారు మామయ్యగారు వస్తే నయాగరా, బావమరిది ఎమ్మెస్‌కి దిగితే వాడికీ నయాగరా. అక్కణ్ణుంచి పిట్స్‌బర్గ్ వెంకన్న దర్శనం, వాషింగ్టన్‌లో వైట్‌హౌస్ ముందు ఒక ఫోటో, ఇల్లు. పడవలో ఇచ్చే నీలం రెయిన్‌కోటు తగిలించుకుని తడిసి ముద్దయిన చుట్టాలందరూ మా ఫోన్లలో ఒకేలా ఉంటారు.

ఇక నీ ఎదుగుదల సంగతి. అలాస్కాలో మా ఆవిడకు కావలసినవి ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు. పిల్లలకు కావలసింది మంచు పెళ్ళలు విరిగి నీళ్ళలో పడుతుంటే చూపించే ఓడ. ఓడలు తిరిగేది వేసవిలో. వెలుగులు కనబడాలంటే చీకటి ఉండాలి, వేసవిలో అక్కడ రాత్రి కూడా సరిగ్గా చీకటి పడదు. నువ్వేం చేశావు? 'అలాస్కా 1', 'అలాస్కా 2' అని రెండు వరసలయ్యావు. గ్రాండ్ కాన్యన్ పక్కన ఆంటెలోప్ కాన్యన్ చేరింది, అది నవాహో అనే ఆదివాసీల నేల కాబట్టి గైడు లేకుండా అడుగు పెట్టనివ్వరు, దానికో బుకింగ్ గడి. ఆఫీసులో ఎవరో 'అంతదూరం వెళ్ళి జయాన్ చూడరా?' అన్నారు. అదీ చేరింది.

ఎల్లోస్టోన్ దగ్గర నీ తెలివికి దణ్ణం పెట్టాలి. నవంబరు మొదటి వారం దాటితే అక్కడి రోడ్లు చాలావరకు మామూలు కార్లకు మూసేస్తారు, మళ్ళీ తెరవడం ఏప్రిల్లో మొదలవుతుంది. కాబట్టి వేసవే దిక్కు. వేసవికి పార్కులో గదులు నెలల ముందే నిండిపోతాయి. పైగా ఇక్కడి బడులు సెలవులిచ్చేది జూన్ మూడో వారానికి, తెలంగాణలో బడులు తెరిచేది జూన్ 12న. ఇక్కడ మూయకముందే అక్కడ గంట కొట్టేస్తారు. అందుకని తేలిందేమిటంటే, ఎల్లోస్టోన్‌లో గది దొరకలేదు గనక ఈ ఏడు మేం ఇండియా వెళ్ళడం లేదు. ఈ మాట తెనాలిలో ఎవరికి చెప్పినా పిచ్చెక్కిందంటారు. మా ఇంట్లో మాత్రం అందరికీ సబబుగానే ఉంది.

మొన్న మా పెద్దమ్మాయి వాళ్ళ నానమ్మకు ఎల్లోస్టోన్ వీడియో చూపించింది. రోడ్డు మధ్యలో బైసన్ల మంద, వెనక అరమైలు కార్లు, ఒక్కడూ హారన్ కొట్టడు, వాటికి పాతిక గజాలు ఎడంగా ఉండాలని రూలు. మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇవి గేదెలు కావుటే?" అంది. "మన చెరువుకట్ట మీద ఇలాగే అడ్డం నిలబడితే మీ నాన్న కారు దిగి తిట్టాడు. వీటిని చూడ్డానికి విమానం ఎక్కాలా?" అమ్మాయి దగ్గర జవాబు లేదు. నీ దగ్గరుందా?

అన్నిటికంటే ఘనమైనది నీ చివరి వరస: స్విట్జర్లాండ్, పక్కన 'దారిలోనే కదా' అని రిమార్కు. ఏ దారిలో? కంటెయినర్లో పట్టనివన్నీ కుక్కిన ఎనిమిది పెట్టెలతో, ఇద్దరు పిల్లలతో ఇంటర్లాకెన్లో రైలు మారేది ఎవరు? వీసాకి వెళ్తే 'తిరిగి ఎక్కడికి వెళ్తారు' అని అడుగుతారు. ఆ ప్రశ్నకే కదా మేం ఇన్నాళ్ళూ జవాబు వెతుక్కుంటున్నది!

నీ పక్కనే ఇంకో మూడు షీట్లున్నాయి, ఎప్పుడైనా పలకరించావా? 'స్కూళ్ళు' దాంట్లో రెండు పేర్లు. 'కంటెయినర్' దాంట్లో ఒక ఫోన్ నంబరు. '401కె' (ఉద్యోగుల రిటైర్మెంటు పొదుపు ఖాతా) షీటులో, యాభై తొమ్మిదిన్నర ఏళ్ళు నిండకుండా డబ్బు తీస్తే పది శాతం జరిమానా అన్న ఒక్క వాక్యం, ఎర్రరంగులో. వాటికి రంగులు లేవు, ఫోటోలు లేవు, ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ వాటిని తెరిచే నాథుడు లేడు. ఎప్పుడొస్తున్నారని ఎవరైనా అడిగితే ఒకప్పుడు గ్రీన్‌కార్డు పేరు చెప్పేవాళ్ళం, తర్వాత ఇంటి లోను పేరు. ఆ కుర్చీ ఇప్పుడు నీది. దిగే ఉద్దేశం నీకు ఉన్నట్టు లేదు.

(హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివినన్నాళ్ళూ గోల్కొండ ఎక్కిన పాపాన పోలేదు నేను. డాలస్ నుంచి వచ్చిన పెదనాన్న కొడుకుని తిప్పడానికి ఎక్కాను. ఊరికే చెప్తున్నా.)

ఇదే ఆఖరి హెచ్చరిక. ఇంకొక్క వరస పెరిగిందా, నిన్ను ప్రింటు తీయించి మా అమ్మకు పంపిస్తా. కిరాణా చీటీలో అక్కర్లేనివి కొట్టేయడంలో ఆవిడది నలభై ఏళ్ళ అనుభవం. అలాస్కా 1 ఏది, 2 ఏది అని కూడా అడగదు.

ఇట్లు,
నిన్ను రోజూ సేవ్ చేస్తున్న
యజమాని

తా.క.: స్విట్జర్లాండ్ కింద 'ఇస్తాంబుల్?' అని ఎవరో రాశారు. ప్రశ్నార్థకం నేనే తీసేశాను.