సవరణ: బడి భోజనంలో ఆ 100 గ్రాముల లెక్క

మొన్న అనంతపురంలో మావాడి బడి భోజనం మీద పెట్టిన పోస్టులో తప్పు రాశాను. ‘రూలు 100 గ్రాములే, ప్లేటులో అన్నం 180 తూగింది, ఎక్కువే పెడుతున్నారు’ అన్నాను. ఆ 100 గ్రాములు అన్నం కాదు, బియ్యం. అదీ 5వ తరగతి దాకానే. 6 నుంచి 8 వరకు 150. బడుల్లో మధ్యాహ్న భోజన పథకమైన పీఎం పోషణ్ మార్గదర్శకాల్లో ఉన్నదిదే. వంట చేసే అక్క పోస్టు చూసి నవ్వింది: “గ్లాసు బియ్యం వండితే గ్లాసే అవుతుందా అన్నా?” రెండింతలు దాటుతుంది. మావాడు 7వ తరగతి, కాబట్టి 180 గ్రాముల అన్నం ఎక్కువ కాదు, తక్కువే. (వాడే చాలన్నాడేమో, అది వేరే సంగతి.) ఖర్చంతా కేంద్రానిదే అని అదే పోస్టులో అన్నదీ సరికాదు. వంట ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40గా పంచుకుంటాయి. తూకం చూసి తొందరపడ్డాను, తప్పు నాదే. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చాను.