పావుగంటలో ప్రపంచ చరిత్ర: పుట్టపాక నుంచి ఎందుకు మొదలుపెట్టకూడదు?

సంస్థాన్ నారాయణపురం మండలం పుట్టపాకలో తెలిసిన నేతకారుడి ఇంటికి ఈ మధ్య వెళ్లేసరికి ఆయన చిటికీ కడుతూ కూర్చున్నాడు. ఆసు పోసిన నూలును చట్రానికి బిగించి, సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు ముక్కలతో, రంగు అంటకూడని చోటల్లా చుట్టి కట్టే పని అది. కళ్లకూ చేతులకూ క్షణం తీరిక ఉండదు, చెవులు మాత్రం ఖాళీ. పక్కన స్టూలు మీద పెట్టిన ఫోనులో ఎవరో రోమన్ సామ్రాజ్యం గురించి చెబుతున్నారు. పదిహేను నిమిషాల ఎపిసోడ్ ముగిశాక ఆయన తలెత్తకుండానే అన్నాడు: “మంచిగనే చెప్పిండు గని అన్నా, గా రోముతోని మనకేం పని?”

ఆ ప్రశ్నకు జవాబు ఆయన పుట్టిన ఉమ్మడి నల్లగొండ జిల్లా మట్టిలోనే ఉంది. అక్కన్‌పల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలపు రోమన్ వెండి నాణేల కుప్ప బయటపడింది. రెండు వేల ఏళ్ల కిందట రోము వెండి ఇక్కడిదాకా నడిచి వచ్చిందంటే ఇక్కడి నుంచి ఏదో సరుకు అటు పోయే ఉంటుంది. ఎపిసోడ్ చెప్పినవాడు సీజర్ హత్యను నాటకంలా రక్తి కట్టించాడు గానీ ఈ మాట ఎత్తలేదు. తెలుగులో ప్రపంచ చరిత్ర చెప్పే చిన్న చిన్న పాడ్‌కాస్టుల మీద నా తగువంతా ఇక్కడే. పావుగంట చాలదన్నది నా ఫిర్యాదు కాదు, పావుగంట చరిత్రకు దివ్యంగా సరిపోతుంది. చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడన్నదే తేలవలసిన విషయం. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో నిలబడి చెప్పిన కథను తెలుగులోకి దించుకుని వినిపిస్తున్నంత కాలం, ఎంత మంచి గొంతయినా వినేవాడు “మనకేం పని” అనే అంటాడు.

పావుగంటలో చరిత్రేమిటి, అది చిరుతిండి అని ఎద్దేవా చేసే పెద్దలున్నారు. వారి వాదనలో పస లేకపోలేదు. చెవికి పటం కనిపించదు, అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) వినిపించవు, చెప్పినవాడు ఏ ఆధారంతో అన్నాడో ఆపి అడగడానికి వీలుండదు. పైగా గట్టి గొంతుతో చెప్పిన అబద్ధం మెత్తని గొంతుతో చెప్పిన నిజం కన్నా వేగంగా వాట్సాప్ గ్రూపులు దాటుతుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే ఇదే వాదన చేసేవారు ఎనిమిది వందల పేజీల గ్రంథం చదవలేని మనిషికి ఏం ఇస్తున్నారో చెప్పరు. గ్రంథాలయానికి వెళ్లే తీరిక ఉన్నవాడికే చరిత్ర అన్న నియమం ఎవరు పెట్టారు?

2010లో బీబీసీ రేడియో, బ్రిటిష్ మ్యూజియం కలిసి వంద వస్తువులతో ప్రపంచ చరిత్రను వంద భాగాలుగా వినిపించాయి. ఒక్కో భాగం ఇంచుమించు పావుగంటే. ఒక వస్తువును ముందుపెట్టుకుని, ఇది ఎవరి చేతిలో పుట్టింది, ఎవరి చేతికి చేరింది అని అడుగుతూ పోవడమే దాని రహస్యం. మెసపొటేమియాతో మొదలుపెట్టి వరసగా రాజులను దింపుకుంటూ వచ్చే కథనం నాలుగో ఎపిసోడ్‌కే ఆయాసపడుతుంది. ఒకే వస్తువు, ఒకే ప్రశ్న అనుకుంటే పావుగంటలో భూగోళం చుట్టి రావచ్చు. అలాంటి వస్తువు కోసం మనం మ్యూజియం దాకా పోనక్కరలేదు. పుట్టపాకలో నేస్తున్న తేలియా రుమాలు ఉంది.

చీరాల వైపు నుంచి వచ్చి పుట్టపాకలో నిలదొక్కుకున్న ఈ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నూలును ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలోనూ నూనెలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు కనుక దానికి ఆ నూనె వాసన, ఆ పేరు వచ్చాయి. అరబ్బు దేశాలలో తలపాగాలుగా, తలగుడ్డలుగా ఇది ఎంతో కాలం చలామణీ అయింది. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప సంప్రదాయ రుమాలులో వేరే రంగుకు చోటు లేదు. ఆ ఎరుపు దగ్గర ఆగుదాం. ఒకప్పుడు తెలుగు దేశంలో ఆ ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది. ఐరోపాలో దాని పాత్రను మంజిష్ఠ జాతి మొక్క ఒకటి పోషించేది, దక్షిణ ఫ్రాన్స్‌లో అవిన్యోన్ చుట్టుపక్కల రైతులు దాని సాగుతోనే బతికేవారు. 1868లో గ్రేబ, లీబర్మన్ అనే ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ఆ ఎరుపులోని అసలు పదార్థమైన అలిజరిన్‌ను బొగ్గు తారు నుంచి తయారుచేసి చూపించారు. మరుసటి ఏడాది జూన్ 25న వారి పక్షం లండన్‌లో పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. అదే పద్ధతిని సొంతంగా కనిపెట్టిన ఇంగ్లిష్ శాస్త్రవేత్త పెర్కిన్ దరఖాస్తు జూన్ 26న అందింది. ఒక్క రోజు తేడా. 1869 నవంబరు 17న సూయజ్ కాలువ తెరుచుకుని ఐరోపా సరుకు మన రేవులకు చేరే దారి కుదించుకుపోయింది. కొన్నేళ్లలోనే అవిన్యోన్ రైతుల పొలాలు దండగమారివయ్యాయి, ఇక్కడ చిరివేరు తవ్వేవారికీ పని పోయింది. విచిత్రమేమిటంటే ఫ్రెంచి సైన్యం వేసుకునే ఎర్ర ప్యాంట్లకు కూడా తర్వాత ఆ జర్మన్ రంగే అద్దారు. 1914లో జర్మన్ల మీదికి యుద్ధానికి నడిచిన ఫ్రెంచి సైనికుడు శత్రువు అమ్మిన రంగును తొడుక్కుని నడిచాడు.

ఇదంతా బిగ్గరగా చదివితే నాలుగు నిమిషాలు పడుతుంది. మిగిలిన పదకొండు నిమిషాలలో పారిశ్రామిక విప్లవం, వలస వాణిజ్యం, మొదటి ప్రపంచ యుద్ధం, పేటెంటు చట్టం అన్నీ పడతాయి. వినేవాడి చేతిలో ఆ నూలు ఉంది కనుక ఒక్క పదాన్నీ వివరించి చెప్పనక్కరలేదు.

రంగులూ రుమాళ్లూ తేలిక విషయాలు అనుకునేవారి కోసం ఇంకో ఉదాహరణ చెబుతాను. నా మనసులో చాలా కాలంగా తొలుస్తున్నదీ ఇదే. తెలంగాణ సాయుధ పోరాటాన్ని మనం జిల్లా చరిత్రగానే చెప్పుకుంటాం: 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడం, చాకలి ఐలమ్మ పంట కోసం నిలబడటం, రజాకార్ల దాడులు, 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన సైనిక చర్య. ఏటా సెప్టెంబరు 17 రాగానే అది విమోచనమా, విలీనమా, సమైక్యతా అని పేరు కోసం కొట్లాడుకుంటాం. కానీ సెప్టెంబరు 16న, అంటే నిజాం లొంగిపోవడానికి సరిగ్గా ఒక రోజు ముందు, హైదరాబాద్ వ్యవహారం పారిస్‌లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ముందుకు చర్చకు వచ్చిందన్న సంగతి ఆ కొట్లాటలో ఎవరికైనా గుర్తుంటుందా? అదే వారాల్లో బెర్లిన్ నగరం దిగ్బంధంలో ఉంది, ప్రచ్ఛన్న యుద్ధం గీతలు గీసుకుంటోంది.

అంతటితో అయిపోలేదు. సైన్యం వచ్చాక కూడా మూడేళ్లు సాగిన ఆ పోరాటం భవిష్యత్తు గురించి చర్చించడానికి 1951 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు నాయకులు చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్ రహస్యంగా మాస్కో చేరి స్టాలిన్‌ను కలిశారు. చైనా విప్లవకారులకు మంచూరియా చేరాక వెనుక సోవియట్ యూనియన్ అండ దొరికిందనీ, భారతదేశంలో అలాంటి వెన్నుదన్ను లేదనీ, చైనా దారి ఇక్కడ నకలు కొట్టడం కుదరదనీ ఆయన వారికి చెప్పాడు. రెండు నెలలు తిరిగేసరికి, ఏప్రిల్ 18న, పోచంపల్లిలో వినోబా భావే ముందు దళితులు భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచాడు, భూదానోద్యమం అక్కడే మొదలైంది. ఆ అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వెలువడింది. ఫిబ్రవరిలో క్రెమ్లిన్, ఏప్రిల్‌లో పోచంపల్లి, అక్టోబరులో విరమణ. ఒకటి ఇంకొకదానికి కారణమని నేను అనడం లేదు. కానీ ఈ మూడింటినీ ఒకే వరసలో పెట్టి చూడని చరిత్ర నల్లగొండ చరిత్ర కూడా కాలేదు, ప్రపంచ చరిత్ర సంగతి తర్వాత.

ఎందుకు చూడలేదంటే, మన దగ్గర చరిత్ర బిట్లుగా మారిపోయింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలను ఎవరినైనా అడగండి, భూదానోద్యమం మొదలైన తేదీ నిద్రలో లేపినా చెబుతారు. ఆ తేదీ ఆ ఏడాదే ఎందుకు వచ్చిందని అడిగితే, సార్, అది సిలబస్‌లో లేదంటారు. తప్పు పిల్లలది కాదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి దిద్దడానికి పనికొచ్చేదే జ్ఞానమని ఇరవై ఏళ్లుగా వాళ్లకు నేర్పింది మనమే. చిన్న ఎపిసోడ్లు చరిత్రను ముక్కలు చేస్తాయని బాధపడే పెద్దలు, ఒక్కో ముక్కకు ఒక్కో మార్కు కట్టిన ఈ వ్యవస్థను చూసి ఒక్క మాటా అనరు. బిట్టుకు ముందూ వెనుకా ఉండవు. పావుగంట కథకు, ఎంత చిన్నదైనా, ఒక కారణం ఒక పర్యవసానం ఉండి తీరాలి, లేకపోతే వినేవాడు రెండో నిమిషంలోనే ఆపేస్తాడు. కోచింగ్ సెంటర్ నోట్సుకు విరుగుడు ఇంతకన్నా చవకగా దొరకదు.

అయితే చెప్పే తీరు మారాలి. ఇప్పుడు వినవస్తున్న ఎపిసోడ్లలో చాలావాటి తెలుగు, ఇంగ్లిష్ వాక్యాన్ని బోర్లించినట్టు ఉంటుంది. “రోమన్ సామ్రాజ్యం యొక్క పతనం యొక్క కారణాలు” అని మొదలుపెట్టినవాడి కథ ఎవరు వింటారు? (ఆ ‘యొక్క’ను తెలుగు మాట్లాడే ఇంట్లో ఎవరైనా పలకగా విన్నారా?) చెవికి కథ చెప్పే విద్య మనకు ఎవరో నేర్పవలసిన పని లేదు. గొల్ల సుద్దులనే జానపద కళారూపంతో కవి సుద్దాల హనుమంతు ఊళ్లను కదిలించాడు, పన్నెండు మెట్ల కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాలమూరులో తరాలు నడిచింది. బుర్రకథలో ప్రధాన కథకుడికి అటూ ఇటూ ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెబుతారు. ఒకరు వినేవాడి తరఫున అమాయకంగా అడుగుతారు, ఇంకొకరు ఆనాటి కథను ఈనాటి సంగతికి ముడిపెడతారు. ఇద్దరు ముగ్గురు కూర్చుని మాట్లాడుకునే పాడ్‌కాస్టుకు ఇంతకన్నా మంచి నమూనా ఏముంటుంది? ఒంటి గొంతుతో వికీపీడియా చదివి వినిపించేవారు ఒకసారి పాత బుర్రకథ రికార్డులు తీసి వింటే మేలు.

కథలకు కరవా అంటే, అదీ లేదు. వనపర్తి సంస్థానం పోషించిన ఆఫ్రికన్ అశ్విక దళం తర్వాత నిజాం కొలువుకు చేరింది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని మనం పిలిచే పేట పేరు ఆ ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’దే. 1890లో నల్లగొండకు చేరిన మిషనరీ అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు, రష్యా మహారాణి కేథరిన్ పిలుపుతో దక్షిణ ఉక్రెయిన్ గడ్డి మైదానాలకు తరలిన జర్మన్ భాషీయులైన మెనోనైట్ అనే క్రైస్తవ శాఖ రైతుల సంతతి. ఒక్కోదానికి ఒక పావుగంట చాలు.

ఇక వినేవారి సంగతి. ప్రపంచ చరిత్ర ఎవరికి కావాలని అడిగితే నా జవాబు పాలమూరు కూలీకి అనే. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ పేరు వినబడేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్‌కూ ఆ చేతులే రాళ్లు మోశాయి. ఆ నీళ్లు నిండితే మునిగిపోతుందని తెలిసి, కృష్ణకు ఆవలి ఒడ్డున ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో తవ్వి, దొరికినంత కొండ మీదికి చేర్చారు. అక్కడి శాసనాలలో ఒకటి బోధిసిరి అనే ఉపాసిక (బౌద్ధ గృహస్థురాలు) వేయించింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పద్నాలుగో పాలనా సంవత్సరంలో, పదిహేడు వందల ఏళ్ల కిందట, ఆమె సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి, వారు ధర్మం చాటిన దేశాల పేర్లను రాతి మీద చెక్కించింది: కాశ్మీరం, గాంధారం, చీనా, చిలాతం, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, పాలూరు, తామ్రపర్ణి. చక్రవర్తి కాని ఒక స్త్రీ కృష్ణ ఒడ్డున కూర్చుని చైనా నుంచి గ్రీకు దేశం దాకా ఒకే వాక్యంలో పలికింది. ఆ వాక్యం నిలిచిన నేలను నీళ్ల కిందికి పంపిన గోడను ఏ కుటుంబాల తాతలు కట్టారో, ఆ కుటుంబాల మనవలు ఇప్పుడు ముంబై, పుణె అడ్డాల మీద, గల్ఫ్ క్యాంపుల్లో ఉన్నారు. ప్రపంచాన్ని వాళ్లు చూశారు, చరిత్ర మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

బోధిసిరి ఎపిసోడ్ ఎవరైనా చేస్తే మొదట వాళ్ల ఫోన్లకు పంపాలి. పాలమూరు నుంచి ముంబై వెళ్లే బస్సు రాత్రంతా నడుస్తుంది. పావుగంటవి నలభై ఎపిసోడ్లు సునాయాసంగా పడతాయి.