మరిది కారు కొంటే వదినకి బియ్యం ఆపేస్తారా?

బియ్యం కార్డు ఊసెత్తితే చాలు, ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది. "కార్లలో తిరిగేవాళ్ళు కూడా రేషన్ తీసుకుంటున్నారండీ, అలాంటివాళ్ళని ఏరిపారెయ్యాలి" అని. ఏరెయ్యండి. నాకేం అభ్యంతరం లేదు. కానీ చేటలో పోసి చెరిగేటప్పుడు ఊకతో పాటు గింజలు కూడా కిందకి పోతుంటే, చెరిగే మనిషి ఒకసారి ఆగి చూస్తుంది కదా. ఇక్కడ ఆగి చూసేవాళ్ళు లేరు. అది చెప్పడానికే ఇంత పెద్ద పోస్ట్ రాస్తున్నా.

మా చెల్లిని గుంటూరు ఇచ్చాం. ఉమ్మడి ఇల్లు. అత్తామామలు, మరిది, తోడికోడలు, వాళ్ళ పిల్లలు అందరూ ఒక్కచోటే. భర్త తాగొచ్చి చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టాడు. పెద్దల్లో పెట్టాం, చెప్పించాం, మారలేదు. చివరికి ఇద్దరు పిల్లల్నీ తీసుకుని విజయవాడ వచ్చేసింది. మా ఇంట్లోనే ఉండమన్నాం. "మీకే ఇరుగ్గా ఉంది అన్నయ్యా, మేం ముగ్గురం ఎక్కడ సర్దుకుంటాం" అని సింగ్ నగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుంది. బీసెంట్ రోడ్డు వైపు ఒక బట్టల షాపులో పని. జీతం 9,500. గదికి అద్దె 4,000, సబ్ మీటర్ కరెంటు వేరే. రాత్రిళ్ళు జాకెట్లు కుడుతుంది, చీరలకి ఫాల్స్ వేస్తుంది. పట్టణాల్లో బియ్యం కార్డుకి పెట్టిన ఆదాయ పరిమితి నెలకి 12,000. అంతా కలిపినా ఆమె సంపాదన అది దాటదు.

బయట కాస్త మంచి బియ్యం కిలో యాభై దాటింది. ముగ్గురికి కార్డు ఉంటే మనిషికి 5 కిలోల చొప్పున నెలకి 15 కిలోలు ఉచితంగా వస్తాయి. అంటే దగ్గర దగ్గర 750 రూపాయలు. ఆ డబ్బు ఆ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. పాలు అవుతుంది, పెద్దవాడి నోటు పుస్తకాలు అవుతుంది, నెలాఖరున గుడ్లు అవుతుంది.

2025 మే నుంచి కొత్త కార్డులకీ, పేర్ల చేర్పులకీ, కార్డు విడగొట్టుకోవడానికీ దరఖాస్తులు తీసుకుంటున్నారని తెలిసి వార్డు సచివాలయానికి వెళ్ళాం. ఆధార్‌లు ఇచ్చాం. అక్కడున్న అమ్మాయి నెంబర్లు కొట్టి, కాసేపు చూసి, మానిటర్ మా వైపు తిప్పింది. ఒక పట్టీ కనిపించింది. పైన చెల్లి మామగారి పేరు. కింద అత్తగారు, భర్త, మరిది, తోడికోడలు, వాళ్ళ పిల్లలు. అట్టడుగున మా చెల్లి, ఆమె పిల్లలు. మరిది పేరు పక్కన నాలుగు చక్రాల బండి ఉన్నట్టు చూపిస్తోంది. ఇంకో గడిలో కరెంటు వాడకం 300 యూనిట్లు దాటినట్టు చూపిస్తోంది. "మీ కుటుంబం అనర్హం అండీ" అంది.

ఏ కుటుంబం?

మరిది ఫైనాన్సులో కారు కొన్నాడు. ఆ ఇంట్లో ఏసీలు పెట్టించారు. ఆ కారులో మా చెల్లి ఎక్కింది లేదు. ఆ ఏసీ కింద పడుకుంది లేదు. ఆ ఇంటి బియ్యంతో ఆమె పిల్లలకి ఒక ముద్ద పెట్టింది లేదు. అయినా కంప్యూటర్ లెక్కలో ఆ కారు ఆమెది, ఆ మీటరు ఆమెది.

దీన్ని హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటారు. 2019లో వాలంటీర్లు వచ్చారు, ఇంటింటికీ తిరిగి ఆ రోజు ఆ గుమ్మం లోపల ఎవరున్నారో వాళ్ళందర్నీ ఒక కుటుంబంగా కట్టేశారు. ఆ వ్యవస్థ తర్వాత ఆగిపోయింది. వాళ్ళు వేసిన ముడి మాత్రం అలాగే ఉంది. ఆ తర్వాత ఎవరు వేరుపడ్డారు, ఎవరు పుట్టింటికి వచ్చేశారు, ఎవర్ని బయటికి గెంటేశారు, ఇవేవీ దానంతట అది తెలుసుకోదు. కొత్త దరఖాస్తు పెట్టినప్పుడల్లా ఆ పాత పట్టీలో ఉన్న ప్రతి మనిషి మీదా వడపోత నడుస్తుంది. మాగాణి మూడెకరాలు దాటిందా, మెట్ట పదెకరాలు దాటిందా, ఎవరికైనా సర్కారు ఉద్యోగం ఉందా, ఆ ఉద్యోగం చేసి దిగిపోయాక వచ్చే పింఛను ఉందా, ఆదాయపు పన్ను కడుతున్నారా, సొంత కారు ఉందా. ఒక్కరికి ఉంటే చాలు, అందరికీ పోయినట్టే.

సరే, ఆ కుటుంబంలోంచి మా పేర్లు తీసెయ్యండి అన్నాం. విడాకుల కాగితం ఉందా అని అడిగారు. లేదంటే, ఆ ఇంటి పెద్ద వచ్చి వేలిముద్ర వెయ్యాలన్నారు.

కొట్టినవాడి తండ్రి దగ్గరికి వెళ్ళి, మావయ్యగారూ, మీరొచ్చి వేలు పెడితే నా పిల్లలకి బియ్యం వస్తాయి అని అడగాలా? అడిగింది కూడా. ఆయన "ముందు ఇంటికి రా, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆడపిల్ల తిరిగి రావడానికి బియ్యం కార్డుని తాడులా వాడుకునే అవకాశం ప్రభుత్వమే చేతికిచ్చినట్టయింది. నాకు నిద్ర పట్టనిది ఇక్కడే.

విడాకుల సంగతి తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. వదిలెయ్యడు, ఏలుకోడు. ఇలాంటి మొగుళ్ళు మన ప్రతి వీధిలో ఉన్నారు. కోర్టుకి వెళ్ళాలంటే వకీలు ఫీజు, వాయిదాలు, వాయిదా ఉన్న రోజల్లా జీతం కోత. గుంటూరు కోర్టులో కేసు వేసి, బట్టల షాపులో నించుని పనిచేసే ఆడమనిషి ఎన్నేళ్ళు తిరగాలి? ఆ కాగితం చేతికొచ్చేసరికి పిల్లలు కాలేజీకి వచ్చేస్తారు. అప్పటిదాకా వాళ్ళకి ఆకలి ఆగుతుందా?

సచివాలయం సిబ్బందిని నేనేమీ అనను. ఆ అమ్మాయి నిజంగానే బాధపడింది. "నా లాగిన్‌లో ఆ ఆప్షనే లేదు అన్నా, ఉంటే ఇప్పుడే చేసేదాన్ని" అంది. నమ్ముతున్నాను. తప్పు ఆమెది కాదు. కళ్ళెదుట కూర్చున్న మనిషిని చూసి నిజం రాసే అధికారం ఆమెకి ఇవ్వనివాళ్ళది.

చట్టం ఏం చెప్తోందో చూడండి. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంలో, ఇంట్లో 18 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దామెనే రేషన్ కార్డులో ఇంటి పెద్దగా చూపాలని స్పష్టంగా ఉంది. ఎందుకు పెట్టారా నిబంధన? పొయ్యి దగ్గర నించునేది ఆమే కాబట్టి, గింజ ఆమె చేతికి అందితే పిల్లల కంచంలోకి వెళ్తుంది కాబట్టి. సింగ్ నగర్ గదిలో పెద్దామె మా చెల్లే. చట్టం ప్రకారం ఆమే ఇంటి పెద్ద. మ్యాపింగ్ ప్రకారం మాత్రం గుంటూరులో ఉన్న మామగారి కుటుంబంలో ఆమె ఒక పేరు.

ఇంకో మాట. భర్తకి దూరంగా ఉంటున్న ఆడవాళ్ళకి ఒంటరి మహిళ పింఛను అని ఇదే రాష్ట్రం ఇస్తోంది, ఇప్పుడది నెలకి 4,000. మంచి పథకం. అంటే మొగుడు వదిలేసిన ఆడవాళ్ళు ఉంటారని, వాళ్ళు విడిగా బతుకుతారని ప్రభుత్వానికి తెలుసు. పింఛను దగ్గర తెలిసిన సంగతి బియ్యం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తెలియకుండా పోతుంది?

"రేషన్ బియ్యం ఎవరు తింటున్నారు, అమ్ముకోవడమే కదా" అనేవాళ్ళకి కూడా జవాబు చెప్పాలి. అమ్మేవాళ్ళున్నారు, కాదనను. దొంగ రవాణా ఉంది, కాకినాడ పోర్టు దాకా వెళ్ళిన కథ 2024లో రాష్ట్రమంతా చూసింది. కానీ అది మిల్లుల దగ్గర, లారీల దగ్గర పట్టుకోవాల్సిన దొంగతనం. దానికీ, సింగ్ నగర్‌లో గదిలో ఉన్న ముగ్గురికీ సంబంధం ఏమిటి? మా వీధిలో చాలా ఇళ్ళలో ఈ బియ్యమే వండుతారు. ఇడ్లీ, దోసెల పిండికి ఇవే పోస్తారు. 

పైగా ఇది ఉత్త బియ్యం గొడవ కాదు. 2019లో నవశకం పేరుతో ఇంటింటి సర్వే చేసినప్పుడు ఏ పథకానికి ఆ కార్డు అన్నారు, బియ్యం కార్డు బియ్యానికే అన్నారు. ఆచరణలో ఏమైంది? దీపం పథకం కింద ఏడాదికి మూడు ఉచిత గ్యాస్ సిలిండర్లు కావాలన్నా కార్డు, పిల్లల బడి డబ్బు కావాలన్నా కార్డు. కార్డు లేనివాడు పేదవాడు కాదు అన్నట్టు తయారైంది. ఒక్క గడిలో పడ్డ తప్పు ముగ్గురి బతుకులో నాలుగైదు తలుపులు మూసేస్తోంది.

మా చెల్లి ఒక్కదాని గోడే అనుకోకండి. పక్క వీధిలో ఆటో నడిపే అతను లోన్ కోసం ఎవరో చెప్తే ఐటీ రిటర్న్ వేశాడు. కట్టిన పన్ను సున్నా. పన్ను కట్టేవాడి కింద చూపించి కార్డు ఆపారు. పాయకాపురంలో మాకు తెలిసిన ఒక ముసలావిడ ఆధార్‌కి, ఆవిడ ఎప్పుడో అమ్మేసిన ఇంటి మీటరు ఇంకా తగిలించే ఉంది. ఇళ్ళలో అంట్లు తోమి అరిగిపోయిన వేళ్ళని చీర కొంగుతో తుడుచుకుని, మిషను మీద ఒక్కో వేలూ పెడుతూ, పడక, మళ్ళీ తుడుచుకునే ఆడవాళ్ళని మీరూ చూసే ఉంటారు. వీటన్నిటిలో ఒకటే ఉంది. తప్పు పడింది వాళ్ళ కంప్యూటర్‌లో, దిద్దించుకోవడానికి తిరగాల్సింది మాత్రం పని మానుకుని వచ్చిన మనిషి.

2021 జనవరిలో రేషన్ ఇంటికి తెచ్చే బళ్ళని ఇక్కడే బెంజి సర్కిల్ దగ్గర జెండా ఊపి పంపారు. 9,260 బళ్ళు. 2025 జూన్‌లో వాటిని ఆపి మళ్ళీ షాపులు తెరిచారు. బండా, షాపా అని నాలుగేళ్ళు రెండు పార్టీలూ కొట్టుకున్నాయి. షాపులే నయమని నా అభిప్రాయం, ఒకటో తారీకు నుంచి పదిహేను దాకా రెండు పూటలా తీసి ఉంటున్నాయి, పనికి వెళ్ళేవాళ్ళకి వీలుగా ఉంది. కానీ అసలు కార్డే రానివాళ్ళకి బండయితే ఏమిటి, షాపయితే ఏమిటి? దాని గురించి అంత గట్టిగా అరిచినవాళ్ళు నాకు కనపడలేదు.

ఇంటింటికీ తిరిగి చూడటం కుదరదు, అంతమంది ఎక్కడున్నారు అనే మాట నాకు చెప్పకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మొత్తం మునిగింది. నీళ్ళు దిగాక నష్టం లెక్క రాసే ఎన్యూమరేషన్ వాళ్ళు సందుసందూ తిరిగారు. ఏ ఇంట్లో ఎవరున్నారు, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి, ఏం పోయాయి అని రాసుకున్నారు. కింది అంతస్తు వాళ్ళకి 25,000 ఇచ్చారు. లోపాలు జరిగాయి, మళ్ళీ సరిచూశారు. అంటే గుమ్మం దాకా వచ్చి చూడటం మన యంత్రాంగానికి చేతకాని పని కాదు. చెయ్యాలనుకుంటే చేస్తారు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చిన రాష్ట్రం మనది. ఇప్పుడు 1.45 కోట్ల పైచిలుకు కార్డులుంటే అందులో కేంద్రం లెక్కలోకి రాని లక్షల కార్డుల ఖర్చు రాష్ట్రమే పెట్టుకుంటోంది. మనసు లేని రాష్ట్రం అని నేను అనడం లేదు. అందుకే అడుగుతున్నాను.

ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళే ఒక కుటుంబం. మన పల్లెల్లో వేరుపడటమంటే వేరే పొయ్యి పెట్టుకోవడమే. ఆ లెక్క తీసుకోండి. మొగుణ్ణి వదిలి వచ్చిన ఆడమనిషిని విడాకుల కాగితం అడగొద్దు, అత్తింటివాళ్ళ వేలిముద్ర అసలే అడగొద్దు. వార్డు రెవెన్యూ సెక్రటరీ ఆమె ఉంటున్న గదికి వచ్చి, ఇరుగుపొరుగు నలుగుర్ని అడిగి పంచనామా రాయాలి. రెవెన్యూ వాళ్ళకి పంచనామా కొత్తదేం కాదు. దాని మీద తహసీల్దారు సంతకం పెడితే ఆ పాత పట్టీలోంచి ఆమె పేరు, పిల్లల పేర్లు తీసెయ్యాలి. మూడు పేర్లు కదపడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఈలోగా ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్ళు ఒట్టి నోటిమాటతో "రాదు" అంటే వెనక్కి రావద్దు. ఎందుకు రాదో కాగితం మీద రాసివ్వమని అడగండి. ఆ కాగితం పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఆహార భద్రతా చట్టం కింద ప్రతి జిల్లాకీ ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి, ఆ పైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది, అర్జీలో ఆ చట్టం పేరు రాయండి. రేషన్ ఫిర్యాదుల నెంబరు 1967కి ఫోన్ చేసి కూడా నమోదు చేయించండి. మేం అదే చేశాం, జవాబు కోసం చూస్తున్నాం.

పౌరసరఫరాల మంత్రి నాదెండ్ల మనోహర్ గారు మన తెనాలి నుంచి గెలిచినవారే. పెళ్ళయి వచ్చిన కోడలి పేరు కార్డులో చేర్చడానికి మ్యారేజ్ సర్టిఫికెట్ అక్కర్లేదని ఆయనే చెప్పారు. ఇంట్లోకి వచ్చే ఆడపిల్లకి కాగితం అక్కర్లేనప్పుడు, ఆ ఇంట్లోంచి పిల్లలతో బయటికి వచ్చేసిన ఆడపిల్లకి కూడా అక్కర్లేదని ఒక సర్క్యులర్ ఇవ్వండి సార్. వచ్చే నెల ఒకటో తారీకు లోపు ఇవ్వండి.