ధూళి తెర వెనుక తొలి తారలు

పాలపుంత పుట్టుకకు మిగిలిన అతి పురాతన సాక్ష్యాల్లో కొన్ని దాని కేంద్రానికి చేరువలోనే ఉన్నాయి. అవే గోళాకార తారాగుచ్ఛాలు, అంటే బంతిలా గుమిగూడిన పాత తారల సమూహాలు. అయితే కేంద్రం ఉన్న ధనూరాశి దిక్కున ధూళి ఎంత దట్టంగా కమ్ముకుని ఉందంటే, నడిమధ్య నుంచి బయలుదేరిన మామూలు వెలుగులో లక్ష కోట్లలో ఒక వంతు మాత్రమే మనల్ని చేరుతుంది. గోళాకార తారాగుచ్ఛాలు ధనూరాశి వైపు గుమిగూడి ఉండటాన్ని బట్టి పాలపుంతకు సూర్యుడు కేంద్రం కాదని 1918లో తేల్చిన ఖగోళ శాస్త్రవేత్త హార్లో షాప్లీ సైతం దూరాలను బాగా ఎక్కువగా అంచనా వేశారు. ధూళి కాంతిని మింగేస్తుందన్న సంగతి లెక్కలోకి రాకపోవడం అందుకు ఒక కారణం. దానిని మరో ఖగోళ శాస్త్రవేత్త రాబర్ట్ ట్రంప్లర్ నిరూపించింది 1930లో.

ధూళిని చాలావరకు దాటి రాగల, కంటికి కనిపించని పరారుణ కిరణాలను పట్టే పరికరాలు, వాతావరణం కలిగించే అదురును అప్పటికప్పుడు సరిదిద్దే అద్దాలు వచ్చాకే ఈ గుచ్ఛాల్లోని తారలు విడివిడిగా కనిపించసాగాయి. 1954లో ఫ్రాన్స్‌లో గుర్తించిన హెచ్‌పీ 1 అనే గుచ్ఛం వయసు సుమారు 1,280 కోట్ల సంవత్సరాలని 2019లో చిలీలోని జెమిని సౌత్ టెలిస్కోపు చిత్రాల ఆధారంగా లెక్కగట్టారు. విశ్వం వయసే 1,380 కోట్ల సంవత్సరాలు! బరువైన తారలు ఇంధనాన్ని ముందుగా ఖర్చు చేసుకుంటాయి కనుక, గుచ్ఛంలో ఏ బరువున్న తారలు ఇప్పుడిప్పుడే ఆ దశకు చేరుతున్నాయో చూసి వయసు కడతారు. ధూళి మందాన్ని అంచనా వేయడంలో తప్పు దొర్లితే ఆ వయసూ మారిపోతుంది.

అందుకే టెర్జాన్ 5 విషయంలో ఆచితూచి మాట్లాడాలి. 1968లో ఆగోప్ టెర్జాన్ కనుగొన్న ఈ గుచ్ఛంలో 1,200 కోట్ల ఏళ్ల తారలతో పాటు 450 కోట్ల ఏళ్లవీ ఉన్నాయని ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో ఫెరారో బృందం 2016లో ప్రకటించింది. పాలపుంత మధ్యభాగం ఏర్పడటానికి కలిసిన తారల, వాయువుల ఆదిమ ముద్దల్లో మిగిలిపోయిన ముక్క ఇదేనన్నది వారి వాదన. పాత గుచ్ఛమే దారిలో ఎదురైన వాయుమేఘం నుంచి కొత్త తారలను పుట్టించుకుని ఉండవచ్చని మరికొందరు అంటున్నారు. లిల్లర్ 1 అనే మరో గుచ్ఛంలోనూ ఇలాంటి రెండు తరాలు బయటపడటంతో మొదటి వాదనకు బలం పెరిగిందే తప్ప వివాదం తీరలేదు.

ఈ పరిశోధనలో మన దేశానికీ వాటా ఉంది. పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు ధనూరాశిలోని ఎన్‌జీసీ 6652 గుచ్ఛంలో మిల్లీసెకను పల్సర్‌ను, అంటే సెకనుకు వందల సార్లు తిరుగుతూ రేడియో తరంగాలు వెదజల్లే మృత తారను, పట్టుకున్నట్లు 2022లో వెల్లడైంది. పరారుణ పరిశీలనకు వచ్చేసరికి మన స్థితి వేరు. ధనూరాశి రాత్రి ఆకాశంలో బాగా పైకి వచ్చే నెలలే మనకు వానాకాలం. 2016లో ఉత్తరాఖండ్‌లో ప్రారంభమైన దేవస్థల్ 3.6 మీటర్ల టెలిస్కోపు ఆ రోజుల్లో మూతపడక తప్పదు. చిలీలో అదే రాశి నడినెత్తికి వస్తుంది.

హవాయి దీవుల్లో తలపెట్టిన ముప్పై మీటర్ల టెలిస్కోపులో సుమారు 1,300 కోట్ల రూపాయలతో భాగస్వామ్యానికి 2014లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దాన్ని కట్టాల్సిన మౌనా కియా పర్వతాన్ని పవిత్రంగా భావించే స్థానికుల అభ్యంతరంతో పని నిలిచిపోయింది. ఆ అభ్యంతరాన్ని ఉత్త అడ్డంకిగా చూడటం సరికాదు. అలాగని ఎదురుచూపులకు గడువు లేకుండా పోవడమూ సరికాదని మేము భావిస్తున్నాం. ఎంతకాలం వేచి ఉంటుందో, ఈలోగా చిలీ టెలిస్కోపులపై మన శాస్త్రవేత్తలకు పరిశీలన సమయం ఎలా సంపాదిస్తుందో కేంద్రం పార్లమెంటు ముందు చెప్పాలి.